మోకాలి పాత గాయం, సైన్యంలో ఉద్యోగం

ప్రశ్న: నా వయసు 19 ఏళ్లు. రెండేళ్ల కిందట కబడ్డీ ఆడుతుండగా కుడి మోకాలు మెలిపడి వాచింది. ఎంఆర్‌ఐలో మెనిస్కస్ కొద్దిగా చీలిందని తేలింది. ఆపరేషన్ లేకుండానే తగ్గింది, ఇప్పుడు రోజూ పరుగెత్తుతున్నాను. అగ్నివీర్ వైద్య పరీక్షలో ఈ సంగతి చెప్పవద్దని పెద్దలు అంటున్నారు. ఏమి చేయమంటారు?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: పెద్దలు మీ మేలు కోరే చెప్పి ఉంటారు గాని, ఈ ఒక్క విషయంలో వారి మాట వినకండి. పాత జబ్బులు, గాయాల గురించి అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పి సంతకం చేయండి. దాచిపెట్టి చేరాక, శిక్షణలో బరువు మోస్తూ పరుగెత్తేటప్పుడు గాయం తిరగబెడితే ఉద్యోగమూ పోతుంది, కాలూ పాడవుతుంది.

మెనిస్కస్ అంటే తొడ ఎముకకూ కాలి ఎముకకూ నడుమ నెలవంక ఆకారంలో ఉండే మృదులాస్థి. దాని వెలుపలి అంచుకు రక్తం అందుతుంది కాబట్టి అక్కడి చీలిక మానే అవకాశం ఉంది. లోపలి అంచుకు రక్తం అందదు కాబట్టి అక్కడిది మానడం కష్టం. అందుచేత నొప్పి లేనంత మాత్రాన మానిపోయిందనుకోకుండా, దరఖాస్తుకు ముందే ఎముకల వైద్యునికి చూపించుకోండి. రెండు తొడల చుట్టుకొలత సమానంగా ఉందా, పూర్తిగా గొంతుక్కూర్చుని లేవగలరా, మోకాలు ఎక్కడైనా పట్టేస్తోందా అన్నవి ఆయన చూస్తారు. తొడ కండ సన్నబడి ఉంటే ముందు దాన్ని బలపరచుకోవాలి. సైన్యం పెట్టే దేహదారుఢ్య పరీక్షలో 1.6 కిలోమీటర్ల పరుగు కన్నా తొమ్మిది అడుగుల గుంత దూకి నేల మీద వాలే క్షణమే మీ మోకాలికి అసలు పరీక్ష.

చీలింది ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటై, ఆపరేషన్‌తో కొత్తది అమర్చి ఉంటే నేనింత ఆశ చూపేవాణ్ణి కాదు.

మరొక మాట. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారిలో మోకాళ్లు లోపలికి వంగడం మన జిల్లాకు తెలిసిన బాధే. మోకాళ్లు ఆనించి నిలబడినప్పుడు చీలమండల మధ్య దూరం 5 సెంటీమీటర్లు దాటితే సైన్యంలోకి తీసుకోరు. దాన్నీ ఇప్పుడే కొలిపించుకోండి.

ర్యాలీలో వైద్యులు అనర్హులన్నా, సైనిక ఆసుపత్రిలో నిపుణుల పునఃపరీక్ష కోరవచ్చు. అప్పుడు పాత ఎంఆర్‌ఐ ఫిల్మూ, రిపోర్టూ అక్కరకు వస్తాయి, వాటిని పారేయకండి.