లైన్‌బ్యాకరా, సాఫ్ట్‌వేరా? ముందు ఆ తలనొప్పి సంగతి చూడండి

ప్రశ్న: మాది గుంటూరు. చాలా ఏళ్లుగా టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో తరగతి, స్కూల్ వర్సిటీ (మెయిన్) అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఇన్‌సైడ్ లైన్‌బ్యాకర్, అంటే డిఫెన్స్ మధ్యలో నిలబడేవాడు. ఆరడుగుల ఎత్తు, 205 పౌండ్ల బరువు. మార్కులు బాగానే వస్తున్నాయి గానీ ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) తప్ప ఇంకేమీ వద్దంటున్నాడు. కాలేజీ ఆటగాళ్లకు కూడా ఇప్పుడు డబ్బు వస్తోందని విని ప్రైవేట్ ట్రైనర్‌ని పెట్టాను, క్యాంపులకు పంపుతున్నాను. వాళ్లమ్మకు మాత్రం ఇదంతా ఇష్టం లేదు. అక్టోబర్‌లో ఒక మ్యాచ్ తర్వాత రెండు రోజులు తలనొప్పి అన్నాడు, తగ్గిపోయింది. కోచ్‌కి తెలిస్తే బెంచ్ మీద కూర్చోబెడతారని మేమూ చెప్పలేదు. ఈ కెరీర్‌ని కంప్యూటర్ సైన్స్‌తో పోల్చి ఏది మంచిదో చెప్పగలరు.
– ఒక తండ్రి

జవాబు: పోలిక చెబుతాను. అయితే ఉత్తరం చివర్లో మీరు అలా అనేసి వదిలేసిన తలనొప్పి సంగతి ముందు తేల్చాలి. రెండు రోజులు తల నొప్పి పెడితే ఎందుకు దాచారండీ? టెక్సాస్‌లో 2011 నుంచి దీనికి చట్టమే ఉంది. తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదిరి దెబ్బతినడం) అని అనుమానం వస్తే ఆ పిల్లాణ్ణి వెంటనే ఆటలోంచి తీసేయాలి, ఆ రోజు మళ్లీ దింపకూడదు, డాక్టర్ రాసిచ్చాకే రానివ్వాలి. అది మీ అబ్బాయిని శిక్షించడానికి పెట్టింది కాదు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం మీదకు రావచ్చు. అరుదే, కాదనను. కానీ అలా జరిగిన కేసుల్లో ఎక్కువమంది ఈ వయసు పిల్లలే. ఒక్క మ్యాచ్ పోతుందని మీరు ఇంత పెద్ద రిస్క్ తీసుకున్నారు. పైగా నొప్పి వస్తే నోరు మెదపకూడదని వాడికి ఇంట్లోనే నేర్పారు. ఈ వారమే కంకషన్ చూసే స్పోర్ట్స్ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. స్కూల్లో అథ్లెటిక్ ట్రైనర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్లమ్మ భయాన్ని మీరు చాదస్తం అనుకుంటున్నట్టున్నారు. మీ ఇద్దరిలో విషయం సరిగ్గా పట్టుకున్నది ఆవిడే.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఆట పేరు, ఊరి పేరు మారతాయి, అంతే. 'పిల్లాడు చదువు వదిలేసి చివరికి ఎటూ కాకుండా పోతాడేమో' అన్నదే అందరి టెన్షన్. ఆ విషయంలో మీరు కాస్త నిశ్చింతగా ఉండొచ్చు. మన దగ్గర క్రికెట్ పిచ్చి పట్టిన పిల్లాడు ఇంటర్‌తోనే పుస్తకాలు మూసేసే ప్రమాదం ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ దారే లేదు. హైస్కూల్ పూర్తయి మూడేళ్లు గడిస్తే గానీ డ్రాఫ్ట్‌కి, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమానికి, అర్హత రాదు. కాబట్టి వాడి కల నిజం కావాలన్నా దారి కాలేజీ మీదుగానే. ఇప్పుడు కూడా టెక్సాస్ స్కూళ్లలో 70 మార్కులు రాకపోతే ఆడనివ్వరు. వర్సిటీలో ఆడుతూ మార్కులు నిలబెట్టుకుంటున్నాడంటే మీ అబ్బాయికి టైమ్ వాడుకోవడం వచ్చినట్టే.

ఇక అసలు కెరీర్. అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడే పిల్లలు పది లక్షలకు పైనే. వాళ్లలో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ) కిందున్న కాలేజీల్లో ఆడేది సుమారు 7 శాతం. కాలేజీలో డ్రాఫ్ట్ అర్హత దాకా వచ్చినవాళ్లలో ఎన్‌ఎఫ్‌ఎల్ చేరేది 1.6 శాతం అని ఎన్‌సీఏఏ లెక్క. 32 టీమ్‌లు, టీమ్‌కి 53 మంది. డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు, అన్నీ కలిపి రెండొందల యాభై పైచిలుకు పేర్లు. డబ్బు మాత్రం నిజమే. 2025లో కొత్త ఆటగాడి కనీస జీతం 8,40,000 డాలర్లు. కానీ ఆటగాళ్ల సంఘం చెప్పే సగటు కెరీర్ మూడేళ్లకు కాస్త పైన. ఒప్పందంలో రాసిన మొత్తమంతా గ్యారంటీ కాదు. టీమ్ వద్దనుకుంటే సీజన్ మధ్యలోనే పంపించేస్తుంది.

అందులోనూ లైన్‌బ్యాకర్ది చిత్రమైన స్థానం. బయటి నుంచి చూస్తే గుద్దుకోవడమే కనిపిస్తుంది గానీ, లోపల నిలబడేవాడికి తలతో పని ఎక్కువ. హెల్మెట్ వెనక ఆకుపచ్చ చుక్క ఉన్న డిఫెన్స్ ఆటగాణ్ణి టీవీలో ఎప్పుడైనా గమనించారా? ఎక్కువగా లైన్‌బ్యాకరే. ఆ హెల్మెట్లో రేడియో ఉంటుంది. కోచ్ చెప్పిన ప్లే (ఈసారి వేయాల్సిన ఎత్తుగడ) విని మిగతా పదిమందికీ చేరవేయాలి. తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి గడువు చూపించే ప్లే క్లాక్ 15 సెకన్లకు రాగానే రేడియో ఆగిపోతుంది, ఆ తర్వాత అంతా వాడి బుర్రే. ఎదుటి టీమ్‌లో ముందు వరసలో అడ్డుగా నిలిచే గార్డ్ మొదటి అడుగు ఎటు పడిందో చూసి పరుగా, పాసా అని తేల్చుకోవాలి. తేల్చుకున్నాక మూడొందల పౌండ్ల మనిషిని దాటుకుని వెళ్లి బాల్ ఉన్నవాణ్ణి పడేయాలి. ప్రతి వారం, పదులసార్లు.

ఆ దెబ్బల ఖరీదు తెలియాలంటే ఇద్దరు లైన్‌బ్యాకర్ల గురించి చదవండి. క్యారొలైనా పాంథర్స్‌కి ఆడిన ల్యూక్ కీక్లీ 2013లో లీగ్ మొత్తంలో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. వరుసగా మూడు సీజన్లలో కంకషన్లు అయ్యాయి. 2020 జనవరిలో, 28 ఏళ్లకే, మంచి ఫామ్‌లో ఉండగానే ఆట మానేశాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ఆటగాడు క్రిస్ బోర్లాండ్ ఒక్క సీజన్ ఆడి, 2015లో 24 ఏళ్లకు, తలకు తగిలే దెబ్బల గురించి తానే చదువుకుని తప్పుకున్నాడు. ఒప్పందం మీద సంతకం పెట్టినందుకు ఇచ్చిన బోనస్‌లో చాలా భాగం తిరిగి ఇచ్చేశాడు. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో 111 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లు పరీక్షిస్తే 110 మందిలో సీటీఈ అనే మెదడు జబ్బు కనిపించింది. లక్షణాలు ఉన్నవాళ్ల కుటుంబాలే ఎక్కువగా మెదళ్లు దానం చేస్తాయి కాబట్టి ఆడినవాళ్లందరికీ ఆ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. అలాగని పక్కన పెట్టే అంకె కూడా కాదు.

మనవాళ్లెవరూ లేరా అంటే, ఉన్నారు. తండ్రి వైపు భారతీయ మూలాలున్న బ్రాండన్ చిల్లర్ లైన్‌బ్యాకరే. యూసీఎల్ఏ కాలేజీలో ఆడి, 2004 డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్‌లో ఎంపికై, సెయింట్ లూయిస్, గ్రీన్ బే టీమ్‌లకు కలిపి ఏడు సీజన్లు ఆడాడు. మనవాడు కాదు గానీ, లండన్ ఫ్లెచర్ అనే ఇంకో లైన్‌బ్యాకర్ అయితే ఆటకు స్కాలర్‌షిప్పే ఇవ్వని డివిజన్ త్రీ (ఎన్‌సీఏఏలో మూడో శ్రేణి) కాలేజీ నుంచి, డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవకపోయినా వచ్చి, 256 మ్యాచ్‌లు ఒక్కటీ మానకుండా ఆడాడు. ఈ పేర్లు చూసి ట్రైనర్‌కి ఇంకో ఆర్నెల్లకు అడ్వాన్స్ కట్టేయకండి.

ఆ ట్రైనర్లు, క్యాంపుల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. 2021లో కాలేజీ ఆటగాళ్లు ప్రకటనల్లాంటి వాటికి తమ పేరు వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చన్నారు. 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బు ఇస్తున్నాయి. అప్పటి నుంచి హైస్కూల్ తల్లిదండ్రుల చుట్టూ ఒక బజారు వెలిసింది: ఎక్స్‌పోజర్ క్యాంపులు, స్టార్ రేటింగులు, హైలైట్ వీడియోలు ఎడిట్ చేసిపెట్టేవాళ్లు, వయసు కలిసొస్తుందని పిల్లాణ్ణి అదే క్లాసులో ఇంకో ఏడాది ఉంచమనేవాళ్లు. పెద్ద మొత్తాలు వెళ్లేది పెద్ద కాలేజీల్లో కొద్దిమందికే. పైగా ఇప్పుడు కోచ్‌లు హైస్కూల్ పిల్లాడి కంటే, ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలో) దొరికే, ఇప్పటికే కాలేజీలో ఆడి ఉన్న 21 ఏళ్లవాడి వైపు మొగ్గుతున్నారు. కోచ్‌లు చూసేది మ్యాచ్ ఫిల్మ్. అది వాడు శుక్రవారం రాత్రి మీ స్కూల్ గ్రౌండ్‌లోనే ఉచితంగా తయారు చేసుకుంటున్నాడు. క్యాంపుకి పంపాలనుకుంటే వాడికి నచ్చిన కాలేజీ సొంతంగా పెట్టే క్యాంపుకి పంపండి, చాలు. ఇంట్లో పెట్టుబడి పెరిగేకొద్దీ 'నాన్నా, నాకు ఆడాలని లేదు' అనే మాట వాడి నోట రావడం కష్టమవుతుంది. తలనొప్పి విషయంలో అదే జరిగిందేమో ఆలోచించండి.

మీరడిగిన పోలికకు వస్తే, ఆటను పక్కకు నెట్టి కంప్యూటర్ సైన్స్ ఎంచుకోవాల్సిన అవసరం ఇప్పుడు లేదు. అది కూడా మీరనుకున్నంత గ్యారంటీ దారేమీ కాదు, కొత్త గ్రాడ్యుయేట్లు ఉద్యోగాలకు ఎంత తిరుగుతున్నారో మీ ఆఫీసులోనే కనిపిస్తుంది. కార్నెగీ మెలన్, ఎంఐటీ, జాన్స్ హాప్కిన్స్ – ఈ మూడింట్లోనూ డివిజన్ త్రీ ఫుట్‌బాల్ టీమ్‌లున్నాయి. ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు, ఆర్థిక సాయం ఇంటి ఆదాయాన్ని బట్టి ఉంటుంది. కానీ చదువులో పోటీపడగల లైన్‌బ్యాకర్ కోసం అక్కడి కోచ్‌లు కూడా వెతుకుతుంటారు. డాక్టర్ సరేనంటే వాడిచేతే ఆ కోచ్‌లకు మెయిల్ రాయించండి. పెద్ద కాలేజీ నుంచి ఆఫర్ వస్తే అప్పుడు చూసుకోవచ్చు. ఏ కాలేజీ అయినా, మొదటి ఏడాదే మోకాలు పోయినా అక్కడే చదవడానికి వాడికి ఇష్టమేనా అని అడిగి ఎంచుకోండి.

వీసా సంగతి మీరు రాయలేదు. వాడు అక్కడే పుట్టి ఉంటే ఇబ్బంది లేదు. ఇండియాలో పుట్టి హెచ్-4 (తల్లిదండ్రుల వర్క్ వీసా మీద ఆధారపడే వీసా) మీద ఉంటే మాత్రం 21 దాటగానే ఎఫ్-1కి (స్టూడెంట్ వీసాకి) మారాల్సి రావచ్చు. ఆ రెండు వీసాల మీదా కాలేజీ ఆట డబ్బు తీసుకోవడం చిక్కుతో కూడిన పని, తేడా వస్తే స్టేటస్సే పోతుంది. ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి.