పాత సబ్‌సాయిలర్ కోసం డిపాజిట్ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: నాకు 12 ఎకరాల పొలం, 45 హెచ్‌పీ ట్రాక్టర్ ఉన్నాయి. తెలిసినాయన పాతకాలపు సబ్‌సాయిలర్ (నేల లోపలి గట్టి పొరను పగలగొట్టే పనిముట్టు) ఒకటి అమ్ముతానంటున్నారు. నేమ్ ప్లేట్ ఊడిపోయింది. తుక్కు ధరకు రెట్టింపు చెబుతున్నారు, పైగా పాత సామానుకు ఏటా విలువ పెరుగుతుందంటున్నారు. అవసరాలకని ఉంచుకున్న డిపాజిట్ తీసి కొనమంటారా?

జవాబు: డిపాజిట్ జోలికి మాత్రం వెళ్ళకండి. విలువ పెరుగుతుందన్న మాట కూడా పక్కన పెట్టేయండి. పాత ఇనుము మీద మోజున్నవాళ్ళు కొద్దిమందే ఉంటారు, మీకు డబ్బు అవసరమైన రోజున వాళ్ళు దొరకాలిగా! పనిముట్టుగా లెక్క కుదిరితేనే కొనాలి.

ముందు అదేమిటో తేల్చుకోండి. నేలలోకి దిగే ఇనుప కాలు అడుగున తూటాలాంటి దిమ్మ, దాని వెనక గొలుసుకు ఇనుప గుండు వేలాడుతుంటే అది మోల్ ప్లౌ. బంకమట్టిలో నీరు పోవడానికి సొరంగం చేస్తుంది, గట్టి పొరను పగలగొట్టడానికి చేసింది కాదు. ఉలిలాంటి కర్రు ఉంటే సబ్‌సాయిలరే. దానికి రెండు చక్రాలు, డ్రైవరు సీటు దాకా వచ్చే తాడు ఉంటే ఈడ్చుకుపోయే పాత రకం. తాడు లాగగానే చక్రం తిరుగుడుతోనే కాలు పైకి లేస్తుంది. కాలును అలా లేపే క్లచ్ పళ్ళు అరిగిపోయి ఉంటే బేరం అక్కడే ఆపేయండి, అలాంటి విడిభాగాలు చేయించుకోవడమే తప్ప కొనడానికి దొరకవు. పోత మీద కనిపించే నంబరు తరచూ ఆ భాగానిదే, మోడల్‌ది కాదు. కంపెనీ పేరు దొరికినా ఒక పేరుతోనే వెతక్కండి. లాస్ ఏంజెలెస్‌లోని కిల్లెఫర్ కంపెనీని 1937లో జాన్ డీర్ కొనేసింది. అలాంటివాటికి రెండు పేర్లతోనూ వెతకాలి.

ఇక కాలు. నేనొకసారి కొత్త రంగు చూసి మోసపోయాను. మొదటి రోజే కాలు విరిగింది. చూస్తే రంగు కింద పాత వెల్డింగ్. అప్పటినుంచి జేబులో గీకుడు కత్తి లేనిదే బేరానికి వెళ్ళను. షియర్ బోల్ట్ కూడా చూడండి. రాయి తగిలితే అది తెగిపోయి కాలును కాపాడాలి. దాని స్థానంలో గట్టి బోల్ట్ బిగించి ఉంటే ఆ దెబ్బలన్నీ కాలే తిన్నదని అర్థం.

మీ 45 హెచ్‌పీకి ఒక్క కాలే ఎక్కువ. ఎండిన గట్టి నేలలో 40 సెంటీమీటర్ల లోతుకు వెళ్ళేసరికి ట్రాక్టర్ ఆయాసపడుతుంది. రెండు కాళ్ళదైతే వద్దు. లాగే గొలుసును ఎప్పుడూ వెనక ఇరుసు కన్నా కిందికే, డ్రాబార్‌కే (ట్రాక్టర్ వెనక కిందుగా ఉండే లాగుడు పట్టీకే) తగిలించాలి. పైకి కడితే ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది.

అసలు మీ పొలానికి అది కావాలా? నేల కాస్త తేమగా ఉన్నప్పుడు సన్నటి ఇనుప చువ్వ గుచ్చి చూడండి. 25 సెంటీమీటర్ల దగ్గర అన్నిచోట్లా ఆగిపోతే అక్కడ గట్టి పొర ఉన్నట్టే. కర్రు ఆ పొర అడుగుకు ఓ 5 సెంటీమీటర్లు కిందుగా నడిస్తే చాలు, అంతకన్నా లోతుకు దించితే డీజిల్ దండగ. దున్నే రోజున ఆ లోతు మట్టి తీసి అరచేతుల మధ్య రుద్దండి. తాడులా సాగితే ఆగాలి. తడిమట్టి పగలదు, కర్రు దారిలో నున్నగా అణిగిపోతుంది.

ఇప్పుడు లెక్క. ధర, రవాణా, కొత్త కర్రు, పిన్నులు, బుష్‌లు అన్నీ కలిపి, సబ్‌సాయిలర్‌ను అద్దెకు పిలిస్తే ఒకరోజుకయ్యే ఖర్చుకు 14 రెట్లయిందనుకుందాం. తుక్కుకు వేసినా 6 రెట్లు తిరిగొస్తుంది. అంటే మీరు నిజంగా పణంగా పెట్టేది 8 రోజుల అద్దె. అద్దెలో అద్దెకిచ్చేవాళ్ళ ట్రాక్టర్, డీజిల్, డ్రైవరు కలిసి ఉంటాయి కాబట్టి సొంతానికయ్యే డీజిల్ తీసేస్తే రోజుకు సగమే మిగులుతుందనుకోండి. అప్పుడు 16 రోజులు వాడితేనే గిట్టుబాటు. ఈ పని చాలా నేలల్లో ఏటా అక్కర్లేదు. మూడు నాలుగేళ్ళకోసారి మూడు రోజులు వాడేవారికి ఆ 16 రోజులు ఎప్పటికి వస్తాయి? నా ఓటు అద్దెకే.

ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి కొంటే మాత్రం లెక్క మారుతుంది. మరమ్మతు ఎవరిదో ముందే కాగితం మీద రాసుకోండి. డబ్బు ఇచ్చేముందు మీ ట్రాక్టర్‌నే తీసుకెళ్ళి, అమ్మే ఆయన పొలంలో ఓ 50 మీటర్లు లాగించి చూడండి. ఆయన ఒప్పుకోకపోతే బేరం వదిలేయండి.