24-0-24 ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇంట్లో 100 వాట్ల ఆంప్లిఫయర్ కట్టొచ్చా?

8 ఓమ్స్ స్పీకర్‌కి 100 వాట్లు రావాలి, చేతిలో 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య వైరుకి అటూ ఇటూ 24 వోల్టుల ఏసీ ఇచ్చేది), 2ఎస్‌సి5200, 2ఎస్‌ఏ1943 పవర్ ట్రాన్సిస్టర్ల జత ఉన్నాయి, కట్టొచ్చా అని ఒకరు అడిగారు. ట్రాన్సిస్టర్లు సరిపోతాయి, ట్రాన్స్‌ఫార్మరే చాలదు. ఏసీని డీసీగా మార్చాక వచ్చేది 24ని 1.414తో హెచ్చిస్తే 34 వోల్టులు, లోడ్ పడ్డాక 30 దగ్గరికి దిగుతుంది, అందులో ట్రాన్సిస్టర్ల దగ్గర కొంత పోగా స్పీకర్‌కి అందే పీక్, అంటే గరిష్ఠ వోల్టేజి, 27 వోల్టులు, అంటే 45 వాట్లు. 100 వాట్లకి 40 వోల్టుల పీక్ కావాలి. 35-0-35, ఒక్క ఛానెల్‌కి కనీసం 3 ఆంపియర్లది తీసుకోండి, ఫిల్టర్ కెపాసిటర్లు 10,000 మైక్రోఫారడ్లు, 63 వోల్టులవి. 50 వోల్టులవి మాత్రం వద్దు, లోడ్ లేనప్పుడు 50 దాటిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. నేను మొదటిది మా ఊరి రామాలయంలో భజనల కోసం కట్టాను. సోల్డరింగ్ అయ్యేసరికి రాత్రి తొమ్మిది, ఆగలేక నేరుగా 230కి పెట్టేశాను. రెండు పాటలు చాలా బాగా వచ్చాయి. మూడో పాటలో టప్ మని ఒక్క చప్పుడు, వూఫర్ కోన్ ముందుకు పొంగి అలాగే నిలబడిపోయింది, స్విచ్ ఆపేలోపే కాయిల్ కాలిన వాసన. కారణం తర్వాత తెలిసింది. పాట లేనప్పుడు కూడా పెద్ద ట్రాన్సిస్టర్లలో కొద్దిగా కరెంటు పారుతుంది, దాన్నే బయాస్ అంటారు. అది చూసుకునే బీడీ139 అనే చిన్న ట్రాన్సిస్టర్‌ని హీట్‌సింక్‌కి (పెద్ద ట్రాన్సిస్టర్ల వేడిని లాగే లోహపు దిమ్మకి) బిగించకుండా బోర్డు మీదే వదిలేశాను. పెద్ద ట్రాన్సిస్టర్లు వేడెక్కుతున్నా దానికి తెలియదు, కరెంటు తగ్గించదు, వేడి పెరిగే కొద్దీ కరెంటు, కరెంటు పెరిగే కొద్దీ వేడి, చివరికి ఒకటి షార్ట్ అయ్యి సప్లై లైనులో ఉన్న డీసీ అంతా స్పీకర్‌లోకి వెళ్లింది. ఆ ట్రాన్సిస్టర్‌ని పగలగొట్టి చూస్తే లోపల చిప్ మినపగింజంత కూడా లేదు, నకిలీది. మరీ చవగ్గా ఇస్తున్నారంటే కొనకండి.

కాబట్టి బీడీ139 అదే హీట్‌సింక్ మీద ఉండాలి, ప్రతి ట్రాన్సిస్టర్ కింద కరెంటు పారనివ్వని మైకా రేకు, వేడిని హీట్‌సింక్‌కి చేర్చే పేస్ట్ ఉండాలి, బిగించాక ట్రాన్సిస్టర్ కలెక్టర్ కాలికీ హీట్‌సింక్‌కీ మధ్య మల్టీమీటర్ బీప్ కొట్టకూడదు. మొదటిసారి 100 వాట్ల ఫిలమెంట్ బల్బు గుండానే కరెంటు వచ్చే సిరీస్ బోర్డు మీదే పెట్టండి, స్పీకర్ కలపకుండా. బల్బు ఒక్కసారి వెలిగి మసకబడితే సరే, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. అవుట్‌పుట్‌లో డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. తర్వాత బల్బు తీసేసి, బయాస్ తక్కువ నుంచి మొదలుపెట్టి, పెద్ద ట్రాన్సిస్టర్ ఎమిటర్ కాలికి ఉండే 0.22 ఓమ్స్ రెసిస్టర్ మీద 10 మిల్లీవోల్టులు వచ్చేదాకా ప్రీసెట్‌ని (బోర్డు మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న రెసిస్టర్‌ని) మెల్లగా తిప్పండి, అంటే సుమారు 45 మిల్లీఆంపియర్లు. ఇరవై నిమిషాలాగి మళ్లీ చూడండి, పెరుగుతూ పోతుంటే వెంటనే ఆపేయండి. ఆపాక కూడా కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది, రెసిస్టర్‌తో దించకుండా చెయ్యి పెట్టొద్దు.

అవుట్‌పుట్‌లో డీసీ వస్తే స్పీకర్‌ని విడదీసే డీసీ ప్రొటెక్షన్ రిలే బోర్డు ఒకటి తప్పకుండా వేయండి, వూఫర్ ధరతో పోలిస్తే అది చాలా తక్కువ. 4 ఓమ్స్ స్పీకర్ పెట్టే ఆలోచన ఉంటే మాత్రం రెండు జతల పవర్ ట్రాన్సిస్టర్లు కావాలి. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో ఈ సామానంతా ఒక్క పూటలో దొరుకుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ అక్కడే చేత్తో పట్టుకుని బరువు చూసి తీసుకోండి.