విరిగిన రోమన్ విగ్రహానికి కొత్త చెయ్యి పెట్టడం మోసమేనా? నేను చూసిన హైజియా సంగతి

మీరు అడిగింది ఇదే కదా, మ్యూజియంలో పాత రోమన్ పాలరాతి విగ్రహాల కింద "ముక్కు, చెయ్యి తర్వాత కాలంలో చేర్చినవి" అని రాసుంటుంది, అది చూసేవాళ్ళని మోసం చెయ్యడం కాదా, అవన్నీ పీకేసి అసలుది ఎంత మిగిలితే అంతే పెట్టొచ్చుగా అని. నేనూ ఒకప్పుడు అచ్చం ఇలాగే వాదించేవాణ్ణి.

2008లో లాస్ ఏంజెలెస్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. అక్కడి గెట్టీ విల్లా అనే మ్యూజియంకి టికెట్ ఫ్రీ, పార్కింగ్‌కి మాత్రం కారుకింత అని తీసుకుంటారు, అందుకని అయిదుగురం ఒకే కార్లో ఇరుక్కుని పోయాం. ఆ సీజన్లో హోప్ హైజియా అనే ఒక్క విగ్రహం మీదే ఎగ్జిబిషన్ పెట్టారు. హైజియా అంటే ఆరోగ్య దేవత, వైద్యదేవుడు అస్క్లేపియస్ కూతురు, మనం హైజీన్ హైజీన్ అంటామే ఆ మాట ఈవిడ పేరు నుంచే వచ్చింది. వంటి మీద మడతలు మడతలుగా వస్త్రం, ఒక పాము, దానికి తాగించే గిన్నె. మా రూమ్మేట్ చూడగానే "ఒరేయ్ ఇక్కడ కూడా నాగులచవితిరా" అన్నాడు, పక్కన ఉన్న గార్డు మా నవ్వులకి ఒక చూపు చూశాడు.

కథేంటంటే, ఈ రెండో శతాబ్దం విగ్రహం 1797లో రోమ్ దగ్గర ఓస్టియాలో రాబర్ట్ ఫేగన్ అనే బ్రిటిష్ పెయింటర్ చేయించిన తవ్వకాల్లో బయటపడింది. లేని భాగాలకి కొత్తగా పాలరాయి చెక్కి అతికించారు, థామస్ హోప్ అనే పెద్ద డబ్బున్నాయన కొని లండన్ తెచ్చుకున్నాడు, అలా చేతులు మారి మారి చివరికి కాలిఫోర్నియా చేరింది. ఇక 1970ల్లో మీరు అనేదే చేశారన్నమాట, "ఇవి అసలువి కావు" అని ఆ చేర్చిన ముక్కలన్నీ ఊడదీశారు. అప్పట్లో చాలా మ్యూజియంలకి అదే ఫ్యాషన్.

నాకు కళ్ళు తెరుచుకున్నది ఇక్కడే. పీకేస్తే అసలు విరుపు కనిపిస్తుందని మనం అనుకుంటాం, కానీ పాతకాలం రిపేరు వాళ్ళు ఎగుడుదిగుడుగా విరిగిన చోట కొత్త ముక్క సరిగ్గా కూర్చోవాలని ఆ అంచుని చెక్కి చదును చేసేవాళ్ళు, లోపల కడ్డీ దింపడానికి బెజ్జం పెట్టేవాళ్ళు. అంటే ముక్క తీసేశాక మీకు కనిపించేది రోమన్ల నాటి విగ్రహమూ కాదు, తవ్వకంలో దొరికిన విగ్రహమూ కాదు, ఆ రిపేరు చేసినాయన ఉలి దెబ్బలు, బెజ్జాలు. ఏ కాలంలోనూ లేని రూపం అది! నయం, తీసిన ముక్కలు దాచి ఉంచారు కాబట్టి, ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ వాటినే తెచ్చి పెట్టారు. మేం చూసింది అలా రెండోసారి అతికించిన హైజియాని. దగ్గరికెళ్ళి వంగి చూస్తే అతుకులు సన్నటి గీతల్లా తెలుస్తాయి, నాలుగడుగులు వెనక్కొస్తే కనపడవు.

అలాగని పాత రిపేర్లన్నీ గొప్పవని కాదు. ఇనప కడ్డీలు వాడినచోట అది తుప్పు పట్టి ఉబ్బి రాయినే పగలగొట్టేస్తుంది, ఇప్పుడు వాటిని తీసి స్టెయిన్‌లెస్ స్టీల్ వేస్తున్నారు. యాసిడ్‌తో కడిగి పైపొర నాశనం చేసిన ఘనులూ ఉన్నారు. ఒకరి తల ఇంకొకరి మొండేనికి పెట్టడం అయితే మామూలే. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో జూనో అని 13 అడుగుల దేవత ఉంది, దాదాపు ఆరు టన్నులు, వందేళ్ళకి పైగా బోస్టన్ పక్కనే ఉన్న బ్రూక్‌లైన్‌లో ఒక ఎస్టేట్ తోటలో మంచులో నిలబడి, 2012లో క్రేన్‌తో మ్యూజియం కప్పులోంచి దిగింది, ఆవిడ తల కూడా వేరే విగ్రహానిదే.

ఇప్పుడు కన్సర్వేటర్లు, అంటే పాత కళాఖండాలని బాగుచేసి కాపాడేవాళ్ళు, చూసేది ఒకటే, రేపు ఇంకొకడు వచ్చి నేను చేసింది సులువుగా తియ్యగలడా అని. అందుకే అతికించడానికి పారలాయిడ్ బి-72 లాంటి యాక్రిలిక్ రెజిన్ జిగురు ఎక్కువ వాడతారు, అది అసిటోన్‌లో కరుగుతుంది, నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండేదే. పైగా ప్రతిదీ ఫొటో తీసి రాసిపెడతారు. అల్ట్రావయొలెట్ లైట్ వేస్తే పాత పాలరాయి ఒక రంగులో, కొత్తగా చెక్కినది ఊదాగా మెరుస్తుంది, కాబట్టి ఎక్కడ అతికించారో తెలిసినవాడి దగ్గర దాగదు. కనుక్కోగలిగి, తియ్యగలిగి, రాసి చెప్పినదాన్ని మోసం అని నేనైతే అనను.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేనే ఒక వెధవ పని చేసున్నా. ఇంటి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న జానెడు చలువరాతి సరస్వతి మణికట్టు దగ్గర విరిగితే ఎపాక్సీ గమ్‌తో అంటించేశా, అదీ కొంచెం వంకరగా. రెండేళ్ళకి గమ్ పసుపు పచ్చగా మారింది, గాజు వేసినట్టు కనపడుతుంది, తీద్దామంటే రాయి ఊడొస్తుందేమో అని భయం. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే గమ్ సంగతి పట్టించుకోలేదు, భిన్నమైన విగ్రహం పూజలో పెట్టకూడదురా అంది, అప్పట్నుంచీ టీవీ పక్కనే ఉంది.