డబ్బా మీద 3600, కంప్యూటర్ల 1333: షాపాయన మీద కేసు వేయొచ్చా?

నర్సంపేట నుంచి ఒక తమ్ముడు రాసిండు. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తడట, మూడు నెలల కింద సికింద్రాబాద్‌ల ఒక షాపుల 62 వేలు పెట్టి సిస్టం కట్టించుకున్నడు. ఐ5-12400 ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు, 16 జీబీవి రెండు డీడీఆర్4 ర్యామ్‌లు, ర్యామ్ డబ్బా మీద స్పీడ్ 3600 అని ఉన్నది. ఇంటికొచ్చి సీపీయూ-జెడ్ అనే, సిస్టం వివరాలు చూపెట్టే సాఫ్ట్‌వేర్‌ల చూస్తే 1333 చూపెడుతున్నదట. ఫోన్ చేస్తే షాపాయన 'గంతే వస్తది, అమ్మిన సామాన్ వాపస్ తీసుకోం అని బిల్లు మీదనే ఉన్నది కద' అన్నడట. డూప్లికేట్ మాల్ అంటగట్టిండు, చీటింగ్ కేసు పెట్టొచ్చా అన్నా అని అడుగుతున్నడు.

తమ్మీ, చీటింగ్ మాట ఇప్పుడే ఎక్కడ రాయకు. భారతీయ న్యాయ సంహిత (నేరాల చట్టం) 318వ సెక్షన్ కింద చీటింగ్ నిలవాలంటే అమ్మేనాడే మోసం చేయాలన్న బుద్ధి ఉన్నదని చూపెట్టాలె, తెలువక తప్పు సామాన్ ఇచ్చుడు చీటింగ్ కాదు. ఇగ ఆ 1333 సంగతి ముందుగాల తేల్చుకో, ఎందుకంటే నోటీసుల తప్పు నంబర్ పడితే అవతలి వకీలు ఆ ఒక్కదాన్నే పట్టుకుని నీ మాటలన్నీ తప్పేనని వాదిస్తడు. డీడీఆర్ ర్యామ్ ఒక్క క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతది, సీపీయూ-జెడ్ చూపెట్టేది ఆ క్లాక్, డబ్బా మీద రాసేది దానికి డబుల్. అంటే నీది నడిచేది 2666 మీద. టాస్క్ మేనేజర్ల మెమరీ మీద నొక్కి చూడు, అక్కడ 2666 అనే ఉంటది.

మరి 3600 ఎందుకు వస్తలేదంటే, ర్యామ్ పెట్టంగనే స్టాండర్డ్ స్పీడ్ మీదనే లేస్తది, డబ్బా మీది స్పీడ్ ఎక్స్ఎంపీ అనే ప్రొఫైల్‌ల ఉంటది, బయోస్‌లకు (విండోస్ లేవకముందే తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్) పోయి దాన్ని ఎనేబుల్ చేయాలె. మా ఆఫీసు సిస్టంకు గిట్లనే అయితే నేనే చేసిన, ఆన్ కాంగనే డిలీట్ కీ కొడుతుంటే బయోస్ తెరుచుకున్నది, ఐదు నిమిషాల పని. ఇది ఒక్కటే అయితే కేసు అక్కర లేకుండె. నీ దాంట్ల అసలు లొల్లి బోర్డుది. ఇంటెల్ ఆ ప్రాసెసర్‌కు డీడీఆర్4 ల 3200 వరకే చెప్పింది, ఆపైన ఏదైనా ఓవర్‌క్లాకే, అంటే కంపెనీ చెప్పిన హద్దు దాటి నడుపుడే, నీ బోర్డు మీది హెచ్610 చిప్‌సెట్ దానికి ఒప్పుకోదు. ఎక్స్ఎంపీ పెట్టినా మహా అయితే 3200 వస్తది. బీ660 అసొంటి బోర్డు ఇచ్చి ఉంటే ముచ్చట వేరే ఉండేది. ర్యామ్ చెడిపోలే, బోర్డూ చెడిపోలే, ఆ రెండిటినీ జత కట్టినకాడనే తప్పు జరిగింది.

నీ ఉత్తరంల నాకు అన్నిటికన్న గట్టిగ కనబడ్డది ఒక్క లైను. కొనకముందు వాట్సాప్‌ల 'భయ్యా 3600 ఫుల్ వస్తదా, ఎడిటింగ్‌కు' అని నువ్వు అడిగితే 'వస్తది, గ్యారంటీ' అని ఆయన వాయిస్ మెసేజ్ పెట్టిండన్నవు. నీ కేసు మొత్తం ఆ మెసేజ్ మీదనే నిలబడ్తది. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 16వ సెక్షన్ ఏమంటదంటే, నాకు ఫలానా పనికి కావాలె అని చెప్పి, అమ్మేటాయన తెలివి మీద నమ్మకం పెట్టి కొంటే ఆ సామాన్ ఆ పనికి వచ్చేటట్టు ఉండాలె. 2019 వినియోగదారుల రక్షణ చట్టంల 'డిఫెక్ట్' అనే మాటకు అర్థం కూడ, సామాన్ పాడైతేనే అని కాదు, వ్యాపారి ఏ రకంగ చెప్పినా ఆ చెప్పిన స్థాయికి సామాన్ తక్కువ పడితే అది కూడ లోపమే. అదే నువ్వే లిస్టు రాసుకపోయి ఇవి ఇయ్యమని తెచ్చుకుని ఉంటే నేను కేసు వద్దనే చెప్పేటోన్ని.

అందుకే ఆ ఫోన్ మార్చకు, చాట్ డిలీట్ చేయకు, ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకోకాడ దాచిపెట్టు. ఫోన్‌ల ఉన్న సాక్ష్యం కాబట్టి దానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలె, అది మేం చూసుకుంటం. బిల్లు మీద ఉత్త 'అసెంబుల్డ్ పీసీ – 1' అని ఉన్నదన్నవు కద, పార్టుల పేర్లు, సీరియల్ నంబర్లు రాసిన జీఎస్టీ బిల్లు ఇయ్యమని మెసేజ్ పెట్టు, ఇయ్యనంటే ఆ జవాబు కూడ మనకు పనికొస్తది. ర్యామ్ మీది స్టిక్కర్ పీకకు, వోల్టేజ్ పెంచి ప్రయోగాలు చేయకు, వినియోగదారుల కమిషన్ అవసరమనుకుంటే ల్యాబ్‌కు పంపిస్తది, అప్పుడు 'నువ్వే ఖరాబ్ చేసినవ్' అనే మాట రావద్దు.

'వాపస్ తీసుకోం' అనే ముద్రకు భయపడకు, లోపమున్న సామాన్‌కు అది చెల్లదు. పైంగ అట్ల తీసుకోకపోవుడు కూడ చట్టం ప్రకారం అన్‌ఫెయిర్ ట్రేడ్ ప్రాక్టీస్ (అన్యాయపు వ్యాపార పద్ధతి) కిందికి వస్తది. నువ్వు సంపాదనకు వాడుతున్నవు కాబట్టి వినియోగదారుడివి కావని వాళ్లు తప్పకుండ అంటరు. నువ్వు ఒక్కనివే, నీ బతుకుదెరువు కోసం సొంతంగ చేసుకునే పని, దానికి చట్టంలనే మినహాయింపు ఉన్నది.

ముందుగాల వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ కొట్టు, తెలుగుల మాట్లాడొచ్చు, సగం షాపులు గక్కడ్నే దిగొస్తయి. రాకపోతే స్పీడ్ పోస్టుల నోటీసు, పదిహేను రోజులు చూసి వరంగల్ జిల్లా కమిషన్‌ల ఫిర్యాదు. సికింద్రాబాద్ తిరగాల్సిన పని లేదు, నువ్వు ఉండే జిల్లాలనే వేయొచ్చని కొత్త చట్టంల ఉన్నది. ఐదు లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, గడువు రెండేండ్లు.

ఏం అడగాలె అనేది కూడ ఆలోచించు. 3200కు 3600కు నీ ఎడిటింగ్‌ల తేడా పెద్దగ ఉండదు, లక్షల పరిహారం అడిగితే కమిషన్ నమ్మదు. 3600 నడిచే బోర్డుకు మార్చియ్యి, లేకపోతే ఆ ర్యామ్ వాపస్ తీసుకుని పైసలియ్యి, తిరిగిన ఖర్చు ఇయ్యి, గంతే. ఈ రాత్రే ఎక్స్ఎంపీ పెట్టి టాస్క్ మేనేజర్ ఫోటో, బయోస్ స్క్రీన్ ఫోటో తీసి పంపు, ఆ నంబర్ పెట్టి నోటీసు రాద్దాం.