పాత టీబీ ఉన్నవాళ్ళకి స్మియర్ పాజిటివ్, సీబీనాట్ నెగెటివ్ వస్తే మళ్ళీ టీబీ మందులు మొదలెట్టాలా?

మీ నాన్నగారికి పాత టీబీ వల్ల బ్రాంకియెక్టాసిస్ (ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు పాడై వెడల్పైపోవడం) ఉందని, ఇప్పుడు కఫంలో స్మియర్ (మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) పాజిటివ్, సీబీనాట్ (టీబీ బ్యాక్టీరియా జన్యువుని వెతికే పరీక్ష) నెగెటివ్ అని రాశారు కదండి, మా అమ్మకి అచ్చం ఇలాగే వచ్చింది. స్మియర్ చూసి మళ్ళీ టీబీ అన్నారు, మందులు వాడాం, దగ్గు తగ్గలేదు సరికదా మనిషి చిక్కిపోయింది. పైగా ఇంట్లో కంచం గ్లాసు వేరు పెట్టారు, మనవడిని దగ్గరికి రానివ్వలేదు, ఆవిడ బాధపడింది దానికే ఎక్కువ.

ఇంకో పల్మనాలజిస్ట్ కల్చర్‌కి (కఫంలోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) పంపిస్తే ఎన్‌టీఎం (నాన్ ట్యూబర్‌క్యులస్ మైకోబ్యాక్టీరియా) అని తేలింది. టీబీ బ్యాక్టీరియాకి చుట్టాలే గానీ టీబీ కాదు, మట్టిలో, నీళ్ళలో ఉంటాయి, మామూలుగా మనిషి నుంచి మనిషికి అంటుకోవు, పాడైన ఊపిరితిత్తుల్లో తిష్ట వేస్తాయి. మైక్రోస్కోప్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, సీబీనాట్ మాత్రం టీబీనే పట్టుకుంటుంది, అందుకే మీ రిపోర్టులు చూస్తే నాకు ముందు ఈ అనుమానమే వస్తోంది.

కాబట్టి లిక్విడ్ కల్చర్ చేయించమని గట్టిగా అడగండి, 6 వారాల దాకా పట్టొచ్చు. ఏదైనా పెరిగితే ఏ జాతో కూడా తేల్చమనండి, ఎందుకంటే ఎంఏసీ (మైకోబ్యాక్టీరియం ఏవియం కాంప్లెక్స్) అనే రకం అయితే అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్ కలిపి ఇస్తారు, కల్చర్ నెగెటివ్ అయ్యాక కూడా ఏడాది వాడాలి, అబ్సెసస్ అనే ఇంకో రకం అయితే టీబీ మందులు పనిచేయవు, ఇంజెక్షన్లు కావాలి. ఇథాంబ్యుటాల్ వాడినన్నాళ్ళూ కళ్ళ పరీక్ష, ముఖ్యంగా రంగులు సరిగ్గా కనిపిస్తున్నాయా అన్నది, వదలొద్దు.

అలాగని కల్చర్ ఒక్కసారి పాజిటివ్ రాగానే ఎన్‌టీఎం మందులు మొదలెట్టేయరు. వేర్వేరు రోజుల కఫంలో కనీసం రెండుసార్లు పెరగాలి, సీటీలోనూ కనిపించాలి, లక్షణాలూ ఉండాలి. కొంతమందికి కఫం బయటికి తీసే ఫిజియోథెరపీ, సెలైన్ నెబ్యులైజేషన్ చేయిస్తూ గమనిస్తారు. అమ్మకి మందులతో పాటు ఇవి కూడా రోజూ చేయించాం, నాకైతే ఆవిడకి ఊపిరి తేలికపడింది వీటివల్లే అనిపిస్తుంది, నెబ్యులైజర్ కప్పు మాత్రం మరిగించిన నీళ్ళతోనే కడగండి.

రక్తం పడినా ఆయాసం పెరిగినా రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే చూపించండి, డాక్టరు పరిస్థితి చూసి టీబీ మందులే ముందు మొదలెట్టొచ్చు, అప్పుడు కూడా కల్చర్‌కి కఫం ఇచ్చాకే మొదటి మాత్ర వేయించండి. ఈలోగా ఎవరైనా దగ్గుకి అజిత్రోమైసిన్ ఒక్కటే నెలల తరబడి రాస్తే ఎన్‌టీఎం అనుమానం ఉందని చెప్పండి, ఒంటరిగా వాడితే ఆ మందుకి బ్యాక్టీరియా లొంగకుండా పోతుంది.