లెన్స్ సంగతి తర్వాత చూద్దాం, ముందు సూర్యుడు ఎటున్నాడో చూడండి

మీరు రెండు అడిగారు. కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటే వచ్చే లెన్స్) కెమెరా కొన్నాను, వైజాగ్ చుట్టుపక్కల తిరిగి ల్యాండ్‌స్కేప్‌లు తీయాలంటే ఇంకో లెన్స్ కొనాలా అని ఒకటి. ఆర్కే బీచ్‌లో సాయంత్రం తీసిన ఫొటోలు ఎందుకింత చప్పగా వస్తున్నాయని ఇంకొకటి. రెండోదానికే ముందు జవాబు చెబుతాను. అది అర్థమైతే మొదటిది మీకే తేలిపోతుంది.

నేను ఫొటోగ్రాఫర్‌ని కాదు, మెడికల్ రెప్‌ని. 2012 నుంచి భీమిలి, అనకాపల్లి, ఎస్.కోట, అరకు, పాడేరు రోడ్ల మీదే తిరుగుతున్నాను. డాక్టరుగారి ఓపీ అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చోవడమే మా ఉద్యోగంలో సగం. పొద్దున్న తొమ్మిదింటి వరకు మాత్రం నన్నెవరూ పట్టించుకోరు. నా ఫొటోలన్నీ ఆ తొమ్మిది లోపలివే.

మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్లలోంచి వస్తాడు, ఊరి వెనక కొండల్లోకి పోతాడు. గోవా ఫొటోలు చూసి సాయంత్రం ఆర్కే బీచ్‌లో నిలబడితే, అసలు సంగతంతా మీ వీపు వెనక అపార్ట్‌మెంట్ల మాటున జరిగిపోతుంది. సాయంత్రమే కుదురుతుంది అంటారా, అయితే సూర్యుడు మునిగాక వెంటనే ఇంటికి పోకండి. పది పదిహేను నిమిషాలు సముద్రం వైపే చూస్తూ ఉండండి. ఆకాశం తేటగా ఉన్న రోజు నీటి మీద బూడిద నీలం పట్టీ ఒకటి, దాని పైన గులాబీ రంగు పట్టీ ఒకటి లేస్తాయి. ఆ నీలం పట్టీ భూమి నీడే. నాకైతే సూర్యాస్తమయం కన్నా అదే ఇష్టం.

పొద్దున్న వెళ్తే నెలను బట్టి లెక్క మారుతుంది. మన తీరం తిన్నగా తూర్పుకి తిరిగి ఉండదు, కాస్త ఆగ్నేయానికి ఒరిగి ఉంటుంది. అందుకని సముద్రానికి ఎదురుగా నిలబడితే జూన్‌లో సూర్యుడు బాగా ఎడమకి, భీమిలి వైపు పొడుస్తాడు. డిసెంబరులో దాదాపు ఎదురుగా వస్తాడు. జూన్‌లో 5.20 ప్రాంతంలో, జనవరిలో 6.30 ప్రాంతంలో పొడుస్తాడు, మీరు మాత్రం అరగంట ముందే అక్కడ ఉండాలి. రుషికొండ దగ్గర ఒక రాయి ఉంది, దాని ఫొటో నా దగ్గర అన్ని నెలల్లోనూ ఉంది. మా ఆవిడ దృష్టిలో ఇదో పిచ్చి. కానీ ఏ నెలలో ఆ రాయి మీద వెలుగు ఎటు నుంచి పడుతుందో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కొత్త చోట్లు పది తిరిగినా ఈ పట్టు దొరకదు.

ఒకేచోట మళ్లీ మళ్లీ తీయడంలో ఇంకో లాభం ఉంది. 2013లో కైలాసగిరి మీద చెట్ల సందుల్లోంచి తీరం వంపు తీశాను. అప్పుడు అది మామూలు ఫొటో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. వారం పోయాక అదే చోట నిలబడితే అడ్డంగా ఆకు కూడా లేదు, వంపు మొత్తం బోసిగా కనిపించింది. ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి ఉంచాను.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి అందరూ వెళ్తారు, అందరికీ నారింజ రంగు బురదలాగానే వస్తుంది. దీనికి కారణాలు రెండు. ఒకటి, మిట్టమధ్యాహ్నం వెళ్తారు. గండ్ల లోతు తెలియాలంటే ఎండ పక్క నుంచి పడాలి, నీడ ఉండాలి. రెండోది వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగును బట్టి రంగులు సరిచేసే కెమెరా సెట్టింగ్. ఆటోలో పెడితే కెమెరా అంత ఎరుపు చూసి ఏదో తప్పు జరిగిందనుకుని దాన్ని తగ్గించేస్తుంది. డేలైట్‌లో పెట్టేయండి. వాన పడిన మర్నాడు పొద్దున్న వెళ్తే ఆ ఎరుపు ఇంకా చిక్కగా ఉంటుంది. అంచుల మీద మాత్రం ఎక్కకండి. అది జాతీయ భూవారసత్వ స్థలం, కాలు పెడితే రాలిపోయే మట్టి.

ఇక లెన్స్. వైడ్ లెన్స్, అంటే ఎక్కువ వెడల్పు పట్టే లెన్స్, కొనమని అందరూ చెబుతారు, నేను చెప్పను. మన తూర్పు కనుమల అందం కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ. అనంతగిరి ఘాట్‌లో గాలికొండ దగ్గర వైడ్‌లో తీస్తే ఆ కొండలన్నీ అడుగున సన్నటి గీతలా పడతాయి. దూరాన్ని దగ్గరికి లాగే టెలి జూమ్ లెన్స్‌తో తీస్తే పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వస్తాయి. డబ్బులు ఉంటే సెకండ్ హ్యాండ్‌లో చవకది ఒక టెలి జూమ్ తీసుకోండి. లేకపోతే కిట్ లెన్స్ చాలు, ముందు గట్టి ట్రైపాడ్ (కెమెరాని నిలబెట్టే మూడు కాళ్ల స్టాండ్) కొనండి. మొదటి రెండేళ్లు నేను ఫోన్‌తోనే తీశాను. తెల్లగా ఉన్న ఆకాశం మీద వేలితో నొక్కి వెలుగు కాస్త కిందికి లాగడం ఒక్కటి నేర్చుకుంటే ఫోన్ కూడా తక్కువేం కాదు.

ట్రైపాడ్‌ని తడి ఇసుకలో ఊరికే పెట్టకండి. అల వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకని లాక్కుపోతుంది. ముందే బలంగా లోపలికి దించి, అప్పుడు ఫ్రేమ్ చూసుకోండి. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోట నాది కెమెరాతో సహా ఒరిగిపోయింది. పట్టుకున్నాను గానీ ఆ రోజు డాక్టర్లని కలవడానికి మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతోనే వెళ్లాను.

పాడేరు దగ్గర వంజంగి కొండ మీంచి మేఘాలు చూడాలంటే నవంబరు, డిసెంబరు, జనవరి. చీకట్లోనే ఎక్కడం మొదలుపెట్టాలి. ముందు రోజు సాయంత్రం పాడేరులో తల పైకెత్తి చూస్తాను. నక్షత్రాలు బాగా కనిపించి గాలి లేకపోతే అలారం పెడతాను. చల్లగాలి రాత్రంతా లోయలోకి దిగి పొగమంచు కడుతుంది, మనం దాని పైన ఉంటాం. గాలి ఉంటే హాయిగా పడుకుంటాను. అరకు దారిలో వలిసె పూలు పూసినప్పుడు చేలోకి దిగేముందు రైతుని అడగండి. అది ఆయన పంట, మన బ్యాక్‌గ్రౌండ్ కాదు.

ఫిషింగ్ హార్బర్‌లోనూ అంతే. మొదట్లో దొంగచాటుగా తీయబోతే ఒకావిడ గట్టిగా అంది, "ఏటి బాబూ, పొటో తీసి ఏటి సేత్తావు? సేపలు కొను!" కొన్నాను. తర్వాతి వారం "అప్పా (అంటే అక్కా), ఒక్క ఫొటో" అంటే తట్ట సర్దుకుని నిలబడింది.

డ్రోన్ మాట మరిచిపోండి. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం, ఊళ్లోని విమానాశ్రయం కూడా నేవీదే. అనుమతి లేకుండా ఎగరేస్తే కేసవుతుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు బోర్డులు చూడకుండా కెమెరా ఎత్తి ఒకసారి నేనే గంటసేపు జవాబు చెప్పుకున్నాను. తప్పు నాదే.

చివరగా ఉప్పుగాలి, తేమ. లాడ్జిలో ఏసీ గదిలోంచి కెమెరాని తిన్నగా బయటికి తెస్తే అద్దం మసకబారుతుంది, పొద్దు పొడిచే పది నిమిషాలూ తుడుచుకోవడానికే సరిపోతుంది. రాత్రి బ్యాగ్‌ని బాత్‌రూమ్ పక్కన, ఏసీ తగలనిచోట పెట్టండి. బీచ్ నుంచి వచ్చాక కాస్త తడి గుడ్డతో కెమెరా ఒళ్లంతా తుడిచి, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. నా మొదటి లెన్స్‌ని ఒక వానాకాలమంతా బీరువాలో లెదర్ కేసులో దాచాను. దసరాకి తీస్తే లోపల సాలెగూడులా ఫంగస్. ఇప్పుడు గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి పెడుతున్నాను. శాంపిల్ మందుల డబ్బాల్లో వచ్చే పొట్లాలు మాత్రం సరిపోవు, నేను చూశాను. పెద్ద ప్యాకెట్ కొనండి, తేమ పట్టాక రంగు మారేది.

మీరు ఏ నెలలో తిరుగుతారో, పొద్దున్న కుదురుతుందో లేదో కింద రాయండి. దాన్ని బట్టి ఏ రోడ్డు మంచిదో చెబుతాను.